సర్వే వాళ్ళకు మా నాయన బోటు ఇవ్వొచ్చా? బతికున్న డాల్ఫిన్ ఒంట్లోంచి ముక్క తీస్తారంట

పాలెంపిల్ల:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు వైపు, సముద్రం ఒడ్డు పాలెం. నేను ఎమ్మెస్సీ జువాలజీ అయిపోయి ఇంట్లో ఉన్నాను. మా నాయనకు ఫైబర్ బోటు ఉంది, ఎక్కువగా వంజరం వల వేస్తాడు. పది రోజులుగా మా ఇంట్లో ఒకే విషయం మీద మాటామాటా నడుస్తోంది, నాకేమో ఎటూ తేలడం లేదు. తెలిసినవాళ్ళు ఉంటారని ఇక్కడ రాస్తున్నా, కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి.

పోయిన నెల ఒక రోజు తెల్లారుజామున వల లాగుతుంటే చాలా బరువుగా వచ్చిందంట. సొర అనుకున్నారు. తీరా పైకి వచ్చాక చూస్తే వీపు మీద రెక్క లేని చిన్న రకం డాల్ఫిన్, ఫిన్‌లెస్ పార్పాయిస్ అంటారు చదువుల్లో. ఊపిరి ఉందేమోనన్న ఆశతో నాయన దాన్ని వలతో సహా ఒడ్డుకు తెచ్చాడు. అప్పటికే పోయింది. నేను దగ్గరికెళ్ళి కూర్చున్నా. నిలబెడితే నా భుజం దాకా వస్తుందేమో అంతే. గుండ్రటి తల మీద వల దారం కోసుకుపోయి గళ్ళు గళ్ళుగా గీతలు పడ్డాయి. తల పైన ఊపిరి తీసుకునే రంధ్రం గట్టిగా మూసుకుని ఉంది, వేలితో తడిమినా తెలియనంత గట్టిగా. నాయన కత్తి తీసి వల కోస్తుంటే మా నాయనమ్మ వచ్చి దాని పొట్ట కింద చూసింది. అక్కడ చీలికల్లోంచి పాలు కారుతున్నాయి. తెల్లగా, చిక్కగా, ఇసకలోకి. "దీని బిడ్డ యాడుందో" అని ఆమె అక్కడే కూలబడింది. తర్వాత ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేశారు, మగవాళ్ళు సరుగుడు చెట్ల దగ్గర గుంట తీసి పూడ్చారు. ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే రెండేళ్ళ కిందట పక్క పాలెంలో ఒకాయన ఇలాగే చచ్చినదాన్ని గురించి ఫోన్ చేసి చెప్తే, ఏదో ఆఫీసు వాళ్ళు ఆయన్నే మూడు రోజులు తిప్పారు, ఆ మూడు రోజులు ఆయనకు వేట లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక పరిశోధన బృందం మా వైపు తీరంలో డాల్ఫిన్ల సర్వే చేస్తుందంట. ఇరవై రోజులకు బోటు బాడుగకు కావాలని నాయన్ని అడిగారు, నన్ను సహాయకురాలిగా రమ్మన్నారు. లెక్కపెట్టడం, ఫొటోలు తీయడం, నీళ్ళలో మైకు దించి శబ్దాలు వినడం, ఇంతవరకు బాగానే ఉంది. కానీ చివర్లో చెప్పారు, కొన్నిటి మీద విల్లు లాంటి దానితో చిన్న బాణం వేసి చర్మం, దాని కింద కొవ్వు ముక్క తీస్తారంట. ఇంకా, ఏడాదికి ఎవరి వలలో ఎన్ని పడుతున్నాయో బోటు వాళ్ళను అడిగి రాసుకుంటారంట.

అమ్మ వద్దే వద్దంటోంది. వాటి కష్టం వాటికి చాలదా, మనం ఇంకో దెబ్బ కొట్టడం ఎందుకు అంటుంది. నాయన బాణం సంగతి పట్టించుకోలేదు. "మన వలల్లో ఊపిరాడక పోయేవాటికి లేని బాధ సూదికి వచ్చిందా మీకు" అన్నాడు. కానీ లెక్క చెప్పడం దగ్గర ఆయనకూ భయమే. రేపు ఆ కాగితమే మన మెడకు చుట్టుకుంటే ఏంటని. నాకు మాత్రం ఆ పాలు కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. కాపాడటం కోసమే అయినా ఒక ప్రాణిని నొప్పించే హక్కు చదువుకున్నవాళ్ళకు ఉందా? లెక్క నిజంగా చెప్పాలా?

నెల్లూరు జీవి:

చెల్లీ, సూటిగా చెప్తాను, బోటు ఇవ్వొద్దు. నేను టౌన్లో కుక్కలు, పాములు, కోతుల రెస్క్యూ పని చేస్తుంటాను, సముద్రం నాకు అంత తెలియదు గానీ పరిశోధన అన్న మాట చాటున ఏం జరిగిందో కొంత చదివాను.

వాణిజ్యం కోసం తిమింగలాల వేట 1986 నుంచి ఆపాలని అంతర్జాతీయ తిమింగల సంఘం నిర్ణయించింది. జపాన్ ఆ మరుసటి ఏడాదే అంటార్కిటికా సముద్రంలో పరిశోధన పర్మిట్ల మీద వేట మొదలుపెట్టింది. మాంసం మాత్రం మార్కెట్‌కే వెళ్ళింది. ఆస్ట్రేలియా కేసు వేస్తే 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం ఆ పర్మిట్లు శాస్త్రం కోసం ఇచ్చినవి కావని తీర్పు చెప్పింది. 2005 తర్వాత దాదాపు 3,600 మింకీ తిమింగలాలను చంపారు, దానికి తగ్గ ఫలితం కోర్టుకు కనపడలేదు. చివరికి 2019లో జపాన్ ఆ సంఘం నుంచే బయటికి వచ్చి బాహాటంగా వేట మొదలుపెట్టింది.

సరే, అది చంపడం, ఇది చిన్న ముక్క అంటారు. అమెరికా పడమటి తీరంలో ఓర్కాలు అని నలుపు తెలుపు రంగులో ఉండేవి, అక్కడి స్థానిక గుంపులో అప్పటికి ఎనభై పైచిలుకే మిగిలున్నాయి. వాటిలో ఎల్95 అనే ఇరవై ఏళ్ళ మగదానికి ఎటు తిరుగుతుందో తెలుసుకోవడానికి ఉపగ్రహ ట్యాగ్ గుచ్చారు. కొన్ని వారాల తర్వాత 2016లో అది చచ్చి కొట్టుకొచ్చింది. ట్యాగ్ ముక్కలు ఒంట్లోనే ఉన్నాయి, ఆ గాయం దారిలో ఫంగస్ ఇన్ఫెక్షన్ పాకిందని పరీక్షలో తేలింది. వాళ్ళు దాన్ని ప్రేమించేవాళ్ళే, కాపాడాలనే చేశారు. 1950ల్లో అమెరికాలో డాల్ఫిన్ల మెదడు చూద్దామని మత్తు ఇస్తే, అవి మత్తులో ఊపిరి తీసుకోలేవన్న సంగతి అవి చచ్చిపోయాక తెలిసింది. తెలియకుండా చేసిన తప్పుకు ప్రాణం ఇచ్చేది ఎప్పుడూ ఆ మూగజీవే. మీ అమ్మ గారు చెప్పిందే నాకు న్యాయంగా అనిపిస్తోంది.

పశువైద్యుడు, ఒంగోలు:

అమ్మా, మీరు రాసింది చదివి కొంచెంసేపు ఏమీ తోచలేదు. నేను గేదెలు, గొర్రెల డాక్టరునే, కానీ ప్రకాశం తీరంలో కొట్టుకొచ్చిన డాల్ఫిన్లకు శవపరీక్ష చేయడానికి నన్ను కొన్నిసార్లు పిలిచారు. ముందు మీ ఇంటి దగ్గర జరిగింది ఏంటో చెప్తాను.

మనం నిద్రలో ఉన్నా ఊపిరి దానంతట అది ఆడుతుంది. డాల్ఫిన్‌కు అలా కాదు, ప్రతి శ్వాసా అది అనుకుని తీసుకోవాలి. పైన చెప్పిన మత్తు చావులకు కారణం అదే. నీళ్ళ కింద వలలో చిక్కితే పైకి రాలేదు, ఆ రంధ్రం తెరిస్తే నీళ్ళు పోతాయని బిగించి ఉంచుకుంటుంది, అలాగే ఊపిరాడక పోతుంది. మీ వేలికి తెలిసిన ఆ బిగువు అదేనమ్మా. మూతి మీద, ముందు రెక్కల అంచుల్లో గళ్ళ గీతలు, ఊపిరితిత్తుల్లో నురగ, కడుపు నిండా ఇంకా అరగని చేపలు, ఈ మూడూ కలిసి కనబడితే అది జబ్బుతో పోలేదు, ఆరోగ్యంగా తింటూ తింటూ వలలో పోయిందని దాదాపు తేల్చి చెప్పొచ్చు.

మీరు దాన్ని గౌరవంగా సాగనంపారు, అది తప్పని నేను అనను. కానీ ఆ ఒక్క దేహంలో ఎంత సమాచారం మట్టిలోకి పోయిందో కూడా చెప్పాలి. పన్ను ఒకటి కోసి చూస్తే చెట్టు మానులో వలయాల్లాగా పొరలుంటాయి, వాటిని లెక్కపెడితే వయసు తెలుస్తుంది. అండాశయం చూస్తే ఎన్నిసార్లు గర్భం దాల్చి ఉంటుందో ఒక అంచనా వస్తుంది. కొవ్వులో పాత పురుగుమందులు, పరిశ్రమల రసాయనాలు పేరుకుని ఉంటాయి, కాలేయంలో పాదరసం. తల్లి ఒంట్లో ఏళ్ళ తరబడి చేరిన ఆ విషంలో ఎక్కువ భాగం పాలతో మొదటి పిల్లకు పోతుంది. ఇవన్నీ తెలుసుకోవడానికి బతికున్నదాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. చచ్చిపోయిన వాటి సంగతి సరిగ్గా మాకు చేరితే బాణం అవసరం సగానికి సగం తగ్గుతుందని నా నమ్మకం. చేరకపోవడానికి కారణం మీరే రాశారు, ఫోన్ చేసినవాణ్ణే తిప్పడం. ఆ పద్ధతి మారనంతకాలం ఎన్ని సర్వేలు చేసినా లెక్క గుడ్డిదే.

ఒకటి రెండు జాగ్రత్తలు. చచ్చినదాన్ని ఒట్టి చేతులతో తాకొద్దు, బ్రూసెల్లా లాంటి జబ్బులు మనకు అంటుకోవచ్చు, పాలు గానీ రక్తం గానీ తగిలితే సబ్బుతో బాగా కడుక్కోండి. బతికున్నది ఒడ్డుకు వస్తే తోక పట్టి ఈడ్చొద్దు, కీళ్ళు తప్పుతాయి. పొట్ట కిందికి ఉండేలా ఆనించి ఉంచి, తడి గుడ్డ కప్పి, ఎండ తగలకుండా నీడ పట్టి, ఆ రంధ్రంలోకి నీళ్ళూ ఇసకా పోకుండా చూడండి. నీళ్ళలో బరువు తెలియని శరీరం కదా, నేల మీద దాని బరువే దాని ఊపిరితిత్తులను నొక్కేస్తుంది. గుంపుగా చేరి సెల్ఫీలు తీసుకుంటే భయంతోనే పోతుంది. 2016 జనవరిలో తూత్తుకుడి జిల్లా తీరానికి ఎనభైకి పైగా పైలట్ తిమింగలాలు ఒకేసారి వచ్చి పడ్డాయి. జాలర్లు లోపలికి తోస్తే కొన్ని మళ్ళీ ఒడ్డుకే వచ్చాయి. మనం మంచి మనసుతో తోసేస్తాం, కానీ దాని ఒంట్లో ఏం జరుగుతోందో తెలియకుండా తోస్తే అది ఇంకా అలిసిపోతుంది.

కొత్తపట్నం బోటు:

తల్లీ, నేను మీ నాయన వయసువాణ్ణే ఉంటాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా వేట. డాక్టరు గారు చెప్పింది నిజం, అబద్ధం ఏం లేదు. నేను ఇంకో పక్క నుంచి చెప్తాను.

డాల్ఫిన్‌ని ఏ జాలరీ కావాలని చంపడు. అది వలలో పడితే మాకే నష్టం, చించేసుకుంటుంది, అంత పెద్ద వల మళ్ళీ అల్లుకోవాలంటే ఇంటిల్లిపాదికీ వారం పని, పైగా నూలు ఖర్చు. అయినా పడుతున్నాయి. వల లాగే టైముకు చేపల కోసం అవే దగ్గరికొస్తాయి, పిల్లలతో సహా వస్తాయి. నా చిన్నప్పుడు పది బారల లోతులోనే గుంపులు గుంపులు ఎగిరేవి, మా అయ్య వాటిని చూసి చేప ఎటుందో చెప్పేవాడు. ఇప్పుడు అంత కనబడవు. అవి తగ్గాయా, లోపలికి పోయాయా నాకు తెలియదు, కనబడటం మాత్రం తగ్గింది. సోనాబోట్లు, అదే పెద్ద ట్రాలర్లు, ఒడ్డు దాకా వచ్చి అడుగంతా గోకేసి పోతుంటే చేపే మిగలడం లేదు, ఇక చేప తినేది యాడ మిగులుద్ది. పైన ఓడలు. కృష్ణపట్నం వైపు రాత్రిపూట వల వేసుకుని పడుకుంటే ఓడ మోత బోటు చెక్కలోంచి వీపుకు తెలుస్తుంది. మనకే అలా ఉంటే చెవుల మీదే బతికే జంతువుకు ఎట్లుంటుందో మరి.

ఇక లెక్క సంగతి. మీ నాయన భయం న్యాయమైంది. డాల్ఫిన్, తిమింగలం వన్యప్రాణుల చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పులితో సమానం. తెలిసి చంపితే, కోస్తే, సొరకు ఎరగా వాడితే జైలే, అందులో నాకు అభ్యంతరం లేదు. కానీ తెలియకుండా వలలో పడినదాన్ని నిజాయితీగా చెప్పినవాణ్ణి దొంగలాగా చూస్తే ఎవడు చెప్తాడు? రెండోది, వ్యాపారం. వలలో తాబేలు బయటికి పోయే ఏర్పాటు లేదని మన సముద్రపు రొయ్యను అమెరికా కొన్నేళ్ళ కిందటే ఆపేసింది. ఇప్పుడు సముద్రపు పాలిచ్చే జంతువుల మీద కూడా అదే రూలు పెట్టారు, మా దేశంలో ఉన్నట్టే మీ దగ్గర కాపుదల లేకపోతే మీ చేప కొనం అని, 2026 జనవరి 1 నుంచి. కాబట్టి ఆ లెక్కలు ఇప్పుడు ఎగుమతిదారులకు కూడా కావాలి. కాగితం ఎవరి చేతికి పోతుందో అడగకుండా చెప్పొద్దు. మీ నాయన ఒక్కడే చెప్తే ఆయన ఒక్కడే దొరుకుతాడు. పాలెంలో కాపులు, అంటే ఊరి పెద్దలందరూ కూర్చుని, సర్వే వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి, పేర్లు బోటు నంబర్లు రాయకూడదని మాట తీసుకుని అప్పుడు ఊరంతా కలిసి చెప్పండి. అలా చెప్పిన లెక్కకు బలం కూడా ఉంటుంది.

బాణం గురించి నాకు తెలియదు. కానీ మీ నాయనమ్మ అన్న మాట చదివి మా ఇంటామె కళ్ళు తుడుచుకుంది.

అలల వెంట:

పాలెంపిల్ల గారూ, నేను ఆరేళ్ళు డాల్ఫిన్ సర్వేల్లో పనిచేశాను, ఆ బాణం నా చేత్తోనే వేశాను కూడా. మీ ప్రశ్న నేను మొదటి రోజు అడగాల్సింది, అడగలేదు. తెలిసినంతవరకు దాచకుండా చెప్తాను.

అది ఇంజక్షన్ సూది కాదు, బోలుగా ఉండే చిన్న ఉక్కు మొన. రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పోయి, వెనక ఉన్న బిరడా తగిలి ఎగిరి నీళ్ళలో పడి తేలుతుంది, మొనలో పెన్సిల్ ముక్కంత చర్మం, కొవ్వు ఉంటుంది. దాంతో ఆడో మగో, ఏ గుంపుకు చుట్టమో, ఒంట్లో ఏ విషాలున్నాయో, గర్భంతో ఉందో లేదో తెలుస్తుంది. తగిలినప్పుడు ఉలిక్కిపడి తోక కొట్టి మునుగుతుంది. చాలావరకు కొద్ది నిమిషాల్లో మామూలుగా ఈదుతాయి, గాయం కొన్ని వారాల్లో మానుతుంది. కానీ "చాలావరకు" అన్న మాట మీకు గట్టిగా వినబడాలి. మధ్యధరా సముద్రంలో ఒక డాల్ఫిన్‌కు బాణం ఊడిపడకుండా వీపులో ఇరుక్కుపోయింది, అది కాసేపటికే చచ్చిపోయింది. ఆ బృందమే ఆ సంగతి 2000లో ప్రచురించింది. దాచి ఉంటే మా అందరికీ తెలిసేది కాదు.

నెల్లూరు జీవి గారు చెప్పిన ఉదాహరణల్లో ఒక్కటి కూడా కాదనను. ఇంకోటి నేనే చెప్తాను. మెక్సికో దగ్గర కాలిఫోర్నియా సింధుశాఖలో వాక్విటా అని ఉంది, మీరు చూసినదానికి దూరపు చుట్టం. టొటోవాబా అనే చేప కోసం నీళ్ళలో గోడలా నిలబెట్టే గిల్ వలల్లో పడి పడి అంతరించే దశకు వచ్చింది. 2017లో వాటిని పట్టి, సముద్రంలోనే దొడ్డి కట్టి కాపాడదామని పెద్ద బృందం వెళ్ళింది. మొదట పట్టిన చిన్నది బెదిరిపోతే వదిలేశారు. రెండోది పెద్ద ఆడది, వాళ్ళ చేతుల్లోనే చచ్చిపోయింది. దాంతో పట్టడం ఆపేశారు. ఇప్పుడు మిగిలినవి పది, అటూ ఇటూ. మనం ఎంత దగ్గరగా వెళ్తే అంత మంచి చేస్తామన్న నమ్మకం నాకు అక్కడే పోయింది.

అయితే మీ నాయన గారి మాట కూడా అంతే నిజం. ప్రపంచం మొత్తం మీద ఏటా మూడు లక్షల దాకా తిమింగలాలు, డాల్ఫిన్లు వలల్లో పోతున్నాయని అంచనా. ఒక్క హిందూ మహాసముద్రంలోనే ట్యూనా గిల్ వలల్లో ఏటా 80 వేల దాకా పోతున్నాయని, ఈ వలలు రాకముందు ఉన్న చిన్న రకాల్లో సగటున 13 శాతమే మిగిలి ఉండొచ్చని 2020లో ఒక అంచనా వచ్చింది. కొన్నేళ్ళకు ఒక్క పిల్లను కనే జంతువు ఆ నష్టాన్ని పూడ్చుకోలేదు. బాణం తప్పా కాదా అని మనం వాదించుకుంటున్న ఈ గంటలో కూడా ఎక్కడో వలలో పోతుంటాయి. అందుకని బాణం ఒప్పయిపోదు. దానివల్ల వలలో చావు తగ్గే దారి ఏదైనా తెలుస్తుందా అన్నది అడగాలి, తెలియకపోతే వేయకూడదు.

జంతువుల మీద ప్రయోగాలకు 1959లో ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఒక పద్ధతి చెప్పారు, ఇప్పటికీ అన్ని ఎథిక్స్ కమిటీలూ దాన్నే పట్టుకుంటాయి. జంతువు లేకుండా కుదిరితే అలా చేయి, కుదరకపోతే ఎంత తక్కువ వాటితో అవుతుందో అన్నిటితోనే చేయి, వాటిక్కూడా బాధ తగ్గించి చేయి. మీ తీరానికి దీన్ని అన్వయిస్తే డాక్టరు గారు చెప్పిందే ముందు వస్తుంది, చచ్చినవాటి నుంచి తెలుసుకోవడం. తర్వాత ఫొటోలు. వీపు రెక్క ఉన్న రకాల్లో ఆ రెక్క అంచున చిరుగులు, గాట్లు మన వేలిముద్రల్లాగా దేనివి దానికే ఉంటాయి. అమెరికాలో ఫ్లోరిడా దగ్గర సారాసోటాలో 1970 నుంచి ఒకే డాల్ఫిన్ కుటుంబాలను అమ్మమ్మ, అమ్మ, మనవరాలు అని గుర్తుపట్టి చూస్తున్నారు. తర్వాత మైకు. ఇవన్నీ చేసి కూడా తేలని ప్రశ్న మిగిలితే అప్పుడు బాణం మాట.

వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఇవి అడగండి. బాణం వేయడానికి రాష్ట్ర వన్యప్రాణి అధికారి అనుమతి పత్రం, మొదటి షెడ్యూల్ జంతువు కనుక దానికి ముందు కేంద్రం అనుమతి ఉండాలి. ఫొటోకాపీ కాదు, అసలు చూపించమనండి, మొహమాటం వద్దు. పిల్ల వెంట ఉన్న తల్లి మీద వేస్తారా అని అడగండి, వేస్తామంటే ఆ క్షణమే బోటు వెనక్కి తిప్పండి. మొత్తం ఎన్నిటి మీద, ఏ ప్రశ్న కోసం, ఒకటి బెదిరి దూరం పోతే వెంటాడతారా ఆపేస్తారా అని అడగండి. నిజానికి బాణం కంటే వెంటాడటమే ఎక్కువ హాని, గంటలకొద్దీ ఇంజను మోతతో వెనక పడితే అవి తినడం, పిల్లకు పాలివ్వడం మానేస్తాయి. మీ నాయన గారికి ఇది వాళ్ళకంటే బాగా తెలిసి ఉంటుంది, చుక్కాని ఆయన చేతిలో ఉంటే నాకు సగం ధైర్యం.

కొత్తపట్నం అన్నా, మీరు చెప్పిన ఊరి మీటింగు మాట నాకు చాలా నచ్చింది. తూర్పు పసిఫిక్‌లో ట్యూనా వలల్లో 1960ల్లో ఏటా లక్షల డాల్ఫిన్లు పోయేవి. అక్కడ దారి చూపించింది ముందు బోటు కెప్టెన్లే. వల పూర్తిగా పైకి లాగేముందు పడవను వెనక్కి నడిపి వల అంచు ముంచి డాల్ఫిన్లను వదిలేసే పద్ధతి వాళ్ళు కనిపెట్టిందే. వాటి మూతులు, రెక్కలు ఇరుక్కోకుండా సన్న కన్నుల వల ముక్క కుట్టింది కూడా మెదీనా అనే కెప్టెనే. దానిమీద చట్టం, బోటులో పరిశీలకుడు తోడయ్యాక చావులు ఏడాదికి వేయి లోపుకు వచ్చాయి. డాల్ఫిన్లు దగ్గరికి రాకుండా గిల్ వలకు కట్టే శబ్దపు పెట్టెలు ఉన్నాయి, పింగర్లు అంటారు. 1994లో అమెరికా ఈశాన్య తీరంలో పరీక్షిస్తే శబ్దం లేని వలల్లో 25 పార్పాయిస్‌లు పడితే శబ్దం ఉన్నవాటిలో రెండే పడ్డాయి. మన దగ్గర ఖర్చు, బ్యాటరీ, ఉప్పునీళ్ళు తట్టుకోవడం అన్నీ సమస్యలే, అన్ని రకాల డాల్ఫిన్లకూ పనిచేయవు కూడా. సర్వే వాళ్ళు అసలు మీ వలలకు ఏది పనికొస్తుందో పరీక్షించే మాట ఎత్తారా అన్నది నా అనుమానం. ఎత్తకపోతే మీరే ఎత్తండి.

నెల్లూరు జీవి:

అలల వెంట గారూ, మధ్యధరా సంగతి మీ అంతట మీరే చెప్పడం వల్ల మీ మిగతా మాటలు నమ్మగలిగాను. నేను మొదట "బోటు ఇవ్వొద్దు" అన్నాను. ఇప్పుడు అనేది, బోటు ఇవ్వండి, బాణం ఎక్కించనివ్వొద్దు. కనీసం మొదటి ఏడాది ఫొటోలు, మైకుతో ఏం తేలుతుందో చూడనివ్వండి. మీ పాలెంలో బతికున్నది ఒడ్డుకు పడితే రాత్రయినా పగలయినా ఇక్కడ రాయండి చెల్లీ, తడిగుడ్డలు, టార్పాలిన్ తీసుకుని మా వాళ్ళం నలుగురం బయల్దేరతాం. డాక్టరు గారు ఫోన్‌లో దారి చెప్తే చాలు.

పశువైద్యుడు, ఒంగోలు:

తప్పకుండా చెప్తాను. అర్ధరాత్రయినా సరే.

పాలెంపిల్ల:

రెండు రోజులు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. మీరు రాసినవన్నీ రాత్రి అన్నం తిన్నాక ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను. ఊపిరి బిగబట్టడం గురించి డాక్టరు గారు రాసింది చదివేటప్పుడు నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపాగి వచ్చి మిగతాది చదవమన్నాడు.

సర్వే వాళ్ళకు ఫోన్ చేసి అడిగాను. లెక్కలకు, ఫొటోలకు అనుమతి వచ్చింది, బాణానికి ఇంకా రాలేదంట. వచ్చాక మొదలుపెడదామనుకున్నారంట. అయితే ఇరవై రోజులూ ఫొటోలకూ మైకుకే బోటు ఇస్తామని, బాణాన్ని మాత్రం బోటెక్కనిచ్చేది లేదని చెప్పాను. కొంచెం సేపు మౌనం. తర్వాత సరేనన్నారు. వలల మాట కూడా అడిగాను, పింగర్లు తమ ప్రాజెక్టులో లేవు గానీ ఊరి వాళ్ళు అడుగుతున్నారని రాసి పంపిస్తామన్నారు. ఆదివారం మా కాపులు కూర్చుంటున్నారు, కొత్తపట్నం పెదనాయనా, మీరు చెప్పినట్టే పేర్లు వద్దన్నది మొదటి షరతు.

అమ్మ ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. "ఫొటోలే గదా, చూస్తాలే" అంటోంది.

నాయన మాత్రం నా పాత రికార్డు బుక్కు అడిగి తీసుకున్నాడు, సగం ఖాళీగా ఉంది అది. మొదటి పేజీలో పోయిన నెల తేదీ వేసి రాశాడు. "రెక్క లేనిది ఒకటి. ఆడది. పాలు ఉన్నాయి. వల రాత్రంతా నీళ్ళలో ఉంది." రాత్రంతా అన్నదాని కింద గీత గీశాడు, ఎందుకని నేను అడగలేదు. చోటు దగ్గర మాత్రం ఆగిపోయాడు. ఆయనకు జీపీఎస్ అంకెలు అలవాటు లేదు, లోతు బారల్లో, చోటేమో ఒడ్డున తాటిచెట్ల వరస దీపస్తంభానికి ఎటు కనబడుతుందో దాన్నిబట్టి చెప్తాడు. అలా రాస్తే మీ వాళ్ళకు పనికొస్తుందా అలల వెంట గారూ?

అలల వెంట:

పనికొస్తుంది. ఆయన ఎలా చెప్తే అలాగే రాయనివ్వండి. తాటిచెట్లు, దీపస్తంభం ఒకసారి నాకు చూపిస్తే మిగతా కొలతలు నేను వేసుకుంటాను.